కెనడా ఉత్తర గగనతలంలో ఫ్లైట్ ప్లాన్, పొజిషన్ రిపోర్ట్

రాడార్ అందని చోట ఎగురుతున్న విమానం ఎక్కడుందో నేలమీది వాళ్లకు తెలియడానికి చాలాకాలం రెండే ఆధారాలు ఉండేవి. ఒకటి, బయల్దేరే ముందు పైలట్ రాసిచ్చే ప్రయాణ వివరం. దాన్ని ఫ్లైట్ ప్లాన్ అంటారు. రెండోది, ఫలానా వేళకు ఫలానా చోటు దాటానని అతను దారిలో రేడియో మీద చెప్పే మాట. అది పొజిషన్ రిపోర్ట్. ఉపగ్రహాలు వచ్చాక మూడో ఆధారం చేరింది గానీ మొదటి రెండూ పోలేదు. ఈ పద్ధతులు అన్ని దేశాల్లోనూ ఉన్నవే. కెనడా ఉత్తర ప్రాంతంలో, అలాస్కాలో, గ్రీన్‌ల్యాండ్ మీద, ధ్రువానికి చుట్టూ ఉన్న ఆకాశంలో మాత్రం వాటి మీద పడే బరువు వేరు. అక్కడ రావలసిన రిపోర్ట్ రాకపోవడమే ఒక్కోసారి ప్రమాదం గురించి బయటి లోకానికి అందే మొదటి కబురు.

ఈ వ్యాసం ముఖ్యంగా కెనడా గురించి. ఆ దేశపు నునావుట్ ప్రాంతం వైశాల్యంలో భారతదేశంలో దాదాపు మూడింట రెండు వంతులు ఉంటుంది. 2021 జనగణన ప్రకారం అక్కడి జనం సుమారు 37 వేలు. ఉన్నవి 25 ఊళ్లు. ఒక ఊరి నుంచి మరో ఊరికి రోడ్డు లేదు. వేసవిలో మంచు కరిగినప్పుడు ఓడలు వస్తాయి. మిగతా ఏడాదంతా పాలపొడి, మందులు, ఉత్తరాలు, పురిటికి వెళ్లే తల్లులు, బడికి వచ్చే టీచర్లు, అన్నిటికీ అందరికీ దారి విమానమే. కాబట్టి అక్కడ విమానం ఎక్కడుందన్న ప్రశ్న ఊళ్లో ప్రతి ఇంటికీ సంబంధించినది.

ఈ ఆకాశాన్ని నడిపేది నావ్ కెనడా. 1996లో ప్రభుత్వ రవాణా శాఖ నుంచి ఈ బాధ్యత తీసుకున్న సంస్థ ఇది. దాని చేతిలోని గగనతలం సుమారు 1.8 కోట్ల చదరపు కిలోమీటర్లు. ఉత్తరాన ఎక్కువ భాగాన్ని ఎడ్మంటన్ కేంద్రం చూసుకుంటుంది. దాని పరిధి ఉత్తర ధ్రువం దాకా పోతుంది. కంట్రోలర్లు విమానాలకు దారి చెప్పి ఒకదానికొకటి ఎడంగా ఉంచే బాధ్యత మాత్రం పై ఎత్తుల్లోనే ఉంటుంది. దేశపు దక్షిణ భాగంలో అది 18 వేల అడుగుల దగ్గర మొదలైతే, ఉత్తరాన 23 వేలు, ఇంకా పైన ఆర్కిటిక్ ప్రాంతంలో 27 వేల అడుగులు. దానికింద, ఊరి విమానాశ్రయాల చుట్టుపక్కల తప్పిస్తే, ఆకాశం చాలామటుకు ఎవరి అదుపులోనూ ఉండదు. చిన్న విమానాలన్నీ ఎగిరేది అక్కడే.

దిక్సూచి మొరాయించే చోటు

ఉత్తరాన ప్రయాణాన్ని ప్లాన్ చేసే పైలట్‌కు మొదటి చిక్కు దిక్కుతోనే. భూ అయస్కాంతపు ఉత్తర ధ్రువాన్ని 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ కెనడాలోని బూథియా ద్వీపకల్పం మీద గుర్తించాడు. అప్పటి నుంచి అది ఉత్తరంగా కదులుతూ వచ్చింది. ఇటీవలి దశాబ్దాల్లో ఏడాదికి 50 కిలోమీటర్ల దాకా వేగం అందుకుని, సైబీరియా వైపు మళ్లింది. దాని కదలిక అంచనాలను మించిపోవడంతో, అయిదేళ్లకోసారి సవరించే ప్రపంచ అయస్కాంత నమూనాను 2019 ఫిబ్రవరిలో గడువుకు ముందే మార్చాల్సి వచ్చింది. ఆ ధ్రువం చుట్టుపక్కల అయస్కాంత బలం దాదాపు నిట్టనిలువుగా నేలలోకి పోతుంది. దిక్సూచి ముల్లును తిప్పవలసిన అడ్డం బలం 6 మైక్రోటెస్లాల కన్నా తగ్గితే ముల్లును నమ్మలేం. నిదానంగా, ఎటో ఒక పక్కకు తూలుతూ ఉంటుంది.

అందుకే కెనడా తన ఆకాశాన్ని దక్షిణ, ఉత్తర దేశీయ గగనతలాలుగా విడగొట్టింది. ఉత్తరాన దిక్కులన్నీ భౌగోళిక ఉత్తరాన్ని బట్టే చెబుతారు. పటం మీది దారి, గాలి దిశ, రన్‌వే అంకె, అన్నీ అలాగే. రెజొల్యూట్ బే అనే ఊళ్లో రన్‌వే పేరు చివర ‘టీ’ (ట్రూ) అక్షరం కనిపించేది ఇందుకే. పైలట్ తన గైరో దిక్సూచిని సూర్యుడి స్థానంతోనో, రన్‌వే దిశతోనో, ఇప్పుడైతే జీపీఎస్‌తోనో సరిచూసుకుంటూ ఉండాలి. ఈ పనిలో ఏమరుపాటుకు ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో 2011 ఆగస్టు 20న తెలిసింది. రెజొల్యూట్ బేలో దిగబోతున్న ఒక బోయింగ్ 737 రన్‌వే పక్కనున్న కొండను తాకింది. అందులో ఉన్న 15 మందిలో 12 మంది చనిపోయారు. దర్యాప్తులో బయటపడ్డ కారణాల వరుసలో, దిగడం మొదలెట్టేటప్పుడు దిక్సూచి అమరికలో దొర్లిన కొద్ది డిగ్రీల తప్పు ఒకటి. దిగే కొద్దీ ఆ తప్పు పెరిగింది.

రెండో చిక్కు ఎత్తుది. విమానంలోని ఆల్టిమీటర్ గాలి పీడనాన్ని కొలిచి ఎత్తు చూపుతుంది. దక్షిణాన దారి పొడవునా వాతావరణ కేంద్రాలుంటాయి కాబట్టి దగ్గరి ఊరి పీడనాన్ని అందులో పెట్టుకుంటారు. ఉత్తరాన కేంద్రాలు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. ఒక పైలట్ ఒక ఊరి అంకె, మరో పైలట్ మరో ఊరి అంకె పెట్టుకుంటే ఇద్దరికీ ఎత్తు వేరుగా చూపించినా నిజానికి ఒకే ఎత్తులో ఎదురుపడవచ్చు. కాబట్టి అక్కడ ప్రయాణంలో అందరూ 1013.2 హెక్టోపాస్కల్స్ అనే ఒకే అంకె వాడతారు. దిగబోయే ముందు మాత్రం ఆ ఊరి పీడనానికి మార్చుకుంటారు. ఇక చలి సంగతి. గాలి చల్లబడితే చిక్కబడి కుదించుకుపోతుంది. ఆల్టిమీటర్ మాత్రం మామూలు గాలి అనుకునే లెక్కేస్తుంది. ప్రామాణిక ఉష్ణోగ్రత కన్నా ప్రతి 10 డిగ్రీల తగ్గుదలకూ సుమారు 4 శాతం తేడా వస్తుంది. మైనస్ 40 డిగ్రీల రోజున ముల్లు వెయ్యి అడుగులు చూపిస్తుంటే విమానం అంతకన్నా ఎంతో కిందుంటుంది.

రాసిచ్చే కాగితం

కెనడా నియమాల ప్రకారం బయల్దేరిన విమానాశ్రయానికి 25 నాటికల్ మైళ్లు, అంటే 46 కిలోమీటర్లు దాటి వెళ్లే ఏ పైలటైనా తన ప్రయాణాన్ని ఎవరికో ఒకరికి తెలిపి తీరాలి. కళ్లతో నేలను చూసుకుంటూ ఎగిరే వాళ్లకు ఇందులో రెండు మార్గాలున్నాయి. ఒకటి విమానయాన సేవలకు ఇచ్చే ఫ్లైట్ ప్లాన్. రెండోది ఫ్లైట్ ఇటినరరీ. ఇది ‘బాధ్యత తీసుకున్న వ్యక్తి’కి ఇచ్చినా చాలు. ఆ వ్యక్తి భార్య కావచ్చు, క్యాంపు నడిపేవాడు కావచ్చు, కంపెనీ గుమాస్తా కావచ్చు. వేళకు విమానం రాకపోతే కబురు పెడతానని ఒప్పుకుని ఉండాలి. ఇటినరరీకి వెసులుబాటు ఎక్కువ. ఏ సరస్సులో ఎంతసేపు చేపలు పడతారో, ఏ గనుల శిబిరం దగ్గర ఆగుతారో ముందే గంటల లెక్కన చెప్పలేని వాళ్లకు అది అనువు. కానీ ఆ వెసులుబాటుకు ఒక ధర ఉంది. పైలట్ వేరే గడువు రాయకపోతే, ఫ్లైట్ ప్లాన్ ఇచ్చిన విమానం చేరవలసిన వేళ దాటిన గంటకు వెతుకులాట మొదలవుతుంది. ఇటినరరీ అయితే 24 గంటలకు. మైనస్ 35 డిగ్రీల చలిలో గాయపడి మంచులో పడివున్న మనిషికి ఆ 23 గంటల తేడా ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఉత్తరాన శీతకాలంలో ఎగిరేవాళ్లు తీరిక లేకపోయినా ఫ్లైట్ ప్లానే ఇవ్వాలన్నది ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం.

ఫ్లైట్ ప్లాన్ ఫారం అంతర్జాతీయంగా ఒకటే. విమానం గుర్తు, రకం, రేడియో పరికరాలు, బయల్దేరే వేళ, వేగం, ఎత్తు, దారి, గమ్యం, పట్టే సమయం, గమ్యంలో దిగలేకపోతే వెళ్లే మరో విమానాశ్రయం, ఇవన్నీ వరుసగా ఉంటాయి. వేళలన్నీ ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ సమయంలోనే. ధ్రువానికి దగ్గరయ్యే కొద్దీ రేఖాంశాలు ఒకచోటికి చేరిపోయి, స్థానిక సమయానికి అర్థం ఉండదు.

ఫారం చివర 19వ గడి ఉంది. దీని గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. విమానంలో ఎంతమంది ఉన్నారు, ఇంధనం ఎన్ని గంటలకు సరిపోతుంది, ఆపద సంకేతాలు పంపే ట్రాన్స్‌మిటర్ ఉందా, రబ్బరు పడవలు ఉన్నాయా, వాటి రంగేమిటి, విమానం రంగేమిటి, పైలట్ పేరేమిటి అని అది అడుగుతుంది. ప్రాణరక్షణ సామగ్రి ఏ రకమో కూడా అక్కడే చెప్పాలి: ధ్రువ ప్రాంతానిదా, ఎడారిదా, సముద్రానిదా, అడవిదా. మిగతా గడుల్లోని సమాచారం దారిలోని కేంద్రాలన్నింటికీ వెళ్తుంది. 19వ గడి మాత్రం మామూలుగా ఎక్కడికీ పోదు. ఇచ్చిన చోటే ఫైల్లో ఉండిపోతుంది. విమానం కనిపించకుండా పోయిన రోజునే దాన్ని బయటికి తీస్తారు. అందులోని ప్రశ్నలన్నీ వెతకబోయేవాడి ప్రశ్నలు: తెల్లటి మంచు మీద నేను ఏ రంగు కోసం చూడాలి? ఎన్ని స్లీపింగ్ బ్యాగులు తీసుకుపోవాలి? వాళ్లు ఎన్ని రోజులు తట్టుకోగలరు?

ఇంధనం లెక్క కూడా ఉత్తరాన వేరుగా సాగుతుంది. చూపు మీద ఎగిరే విమానానికి గమ్యం చేరాక ఇంకా పగలైతే 30 నిమిషాల, రాత్రయితే 45 నిమిషాల ఇంధనం మిగలాలని చట్టం చెబుతుంది. ఎల్లోనైఫ్ నుంచి కేంబ్రిడ్జ్ బేకు సుమారు 850 కిలోమీటర్లు. అక్కడ పొగమంచు పట్టి దిగలేకపోతే అరగంట ఇంధనంతో వేరే ఊరు చేరడం కుదరదు. అందుకని పైలట్లు సగం దారిలోనే ఒక బిందువును గుర్తించుకుంటారు. అక్కడికి చేరేసరికి వాతావరణం బాగోలేదని తెలిస్తే వెనక్కి తిరుగుతారు. అది దాటితే ముందుకు పోవడమే. నిర్జన తీరాల్లో 205 లీటర్ల పీపాల్లో ఇంధనం ముందే దింపి ఉంచుకునే అలవాటు ఇప్పటికీ ఉంది.

రేడియోలో చెప్పే మాట

పొజిషన్ రిపోర్ట్‌కు వరుస ఉంటుంది: ఎవరు, ఎక్కడ, ఏ వేళకు, ఎంత ఎత్తులో, తర్వాతి చోటు ఏది, అక్కడికి ఏ వేళకు, ఆ తర్వాతిది ఏది. సముద్రం మీద వెళ్లే జెట్ విమానం చెప్పేది తెలుగులో ఇలా ఉంటుంది: ‘65 ఉత్తరం 30 పశ్చిమం, 14 గంటల 7 నిమిషాలకు, ఎత్తు 350, 66 ఉత్తరం 40 పశ్చిమానికి 14 గంటల 42 నిమిషాలకని అంచనా, తర్వాత 66 ఉత్తరం 50 పశ్చిమం.’ విన్న రేడియో ఆపరేటర్ దాన్ని తిరిగి చదువుతాడు. పైలట్ సరేనంటాడు. అంచనా వేళ రెండు మూడు నిమిషాలకు మించి మారితే మళ్లీ పిలిచి చెప్పాలి.

ఈ మాటలో అసలు విలువ అంచనాది. దాటిపోయిన చోటు గడిచిన సంగతి. రాబోయే చోటికి చెప్పిన వేళ ఒక గడువు. పొలానికెళ్లిన మనిషి చీకటిపడేసరికి వస్తానని చెప్పి వెళ్తేనే కదా, పొద్దు గుంకాక ఇంట్లోవాళ్లు లాంతరు పట్టుకుని గట్టు మీదికి వచ్చేది. ఏమీ చెప్పకుండా వెళ్లినవాడి కోసం ఎప్పుడు బయల్దేరాలో ఎవరికీ తెలియదు.

ఎంత దూరానికోసారి చెప్పాలన్నది కూడా భూమి ఆకారం నుంచే వచ్చింది. ఉత్తర అట్లాంటిక్ మీద తూర్పు పడమరలుగా వెళ్లే విమానాలు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దక్షిణాన ప్రతి 10 డిగ్రీల రేఖాంశానికీ, దానికి ఉత్తరాన ప్రతి 20 డిగ్రీలకూ రిపోర్ట్ ఇచ్చేలా దారి గీస్తారు. భూమధ్యరేఖ దగ్గర 10 డిగ్రీలంటే 600 నాటికల్ మైళ్లు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అది 300కు తగ్గుతుంది. 75 దగ్గర 155 మాత్రమే. పైకి పోయేకొద్దీ రేఖలు దగ్గరపడతాయి కాబట్టి డిగ్రీలు రెట్టింపు చేస్తే దూరం మళ్లీ 300 చిల్లరకు వస్తుంది. జెట్ వేగంతో అది అరగంటకు కాస్త ఎక్కువ.

చిన్న విమానాల సంగతి ఇంకా సాదాగా ఉంటుంది. అదుపు లేని ఆకాశంలో ఎగిరే కెనడా పైలట్లందరూ 126.7 మెగాహెర్ట్జ్ వింటూ ఉంటారు. తాము ఎక్కడున్నదీ, ఎటు పోతున్నదీ ఆ పౌనఃపున్యం మీద అప్పుడప్పుడూ ప్రకటిస్తారు. అది ఎవరినో ఒకరిని ఉద్దేశించి చెప్పేది కాదు. దగ్గర్లో ఇంకో విమానం ఉంటే తప్పుకుంటుందని, నేలమీద ఎవరైనా వింటే రాసుకుంటారని. కానీ ఇలాంటి వీహెచ్‌ఎఫ్ తరంగాలు నేరుగానే పోతాయి, భూమి వంపు దాటవు. 3 వేల అడుగుల ఎత్తున ఎగిరేవాడి గొంతు నేల మీద 120 కిలోమీటర్ల చిల్లర దాకానే వినిపిస్తుంది. అందుకే మారుమూల గుట్టల మీద దూరనియంత్రణ రేడియో కేంద్రాలు పెట్టారు. ఉత్తరపు ఊళ్లలో కమ్యూనిటీ ఏరోడ్రోమ్ రేడియో స్టేషన్లు ఉన్నాయి. వాటిలో చాలామటుకు ఆ ఊరివాళ్లే పనిచేస్తారు. వాతావరణం గమనించి చెప్పడం, రన్‌వే మీద మంచు ఎంతుందో చెప్పడం, వచ్చే విమానం రిపోర్ట్ తీసుకోవడం వాళ్ల పని. వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయిన రాత్రివేళ కొన్ని విమానాశ్రయాల్లో రన్‌వే దీపాలను పైలట్ తానే వెలిగించుకుంటాడు. మైక్ బటన్‌ను అయిదు సెకన్లలో అయిదుసార్లో ఏడుసార్లో నొక్కితే కిందున్న రిసీవర్ ఆ టకటకలను గుర్తుపట్టి దీపాలు వేస్తుంది.

వీహెచ్‌ఎఫ్ అందని దూరాలకు హెచ్‌ఎఫ్ రేడియో. దాని తరంగాలు పై వాతావరణంలోని అయనోస్ఫియర్‌ను తాకి వంగి, వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. గాండర్, షాన్‌విక్, ఐస్‌ల్యాండ్, బోడో, ఆర్కిటిక్ రేడియో కేంద్రాలు అట్లాంటిక్, ధ్రువ దారుల మాటలు వినేది దీని మీదే. ధ్రువం వైపు వెళ్లేవాళ్లు పగటిపూట 8891 కిలోహెర్ట్జ్ మీద, రాత్రి అంతకన్నా తక్కువ పౌనఃపున్యాల మీద పిలుస్తారు. గంటలకొద్దీ ఆ గరగరలు వింటూ కూర్చోవడం కష్టం కాబట్టి ప్రతి విమానానికీ నాలుగు అక్షరాల సెల్‌కాల్ సంకేతం ఉంటుంది. నేల నుంచి ఆ స్వరాలు పంపితే కాక్‌పిట్‌లో గంట మోగుతుంది.

ఉత్తరాన హెచ్‌ఎఫ్‌కు ఒక శత్రువు ఉంది. సూర్యుడి మీద పెద్ద విస్ఫోటనం జరిగినప్పుడు వెలువడే కణాలు భూమి అయస్కాంత రేఖల వెంట ధ్రువాల మీదే దిగుతాయి. అయనోస్ఫియర్ కింది పొర తరంగాలను వంచడం మాని మింగేస్తుంది. ఆకాశంలో ధ్రువకాంతి ఆడే ప్రాంతంలో మామూలు రోజుల్లోనే మాట తెగుతుంటుంది. పెద్ద సౌర తుఫానులో ధ్రువం మొత్తం రోజుల తరబడి మూగబోవచ్చు. అలాంటప్పుడు రేడియో అందే మరో విమానాన్ని బతిమాలి తన రిపోర్ట్ పంపించుకోవడం పాత పద్ధతి.

తప్పుగా చెప్పిన చోటు

పొజిషన్ రిపోర్ట్‌లో ఒక బలహీనత ఉంది. పైలట్ తాను ఎక్కడున్నానని నమ్ముతున్నాడో అది అదే చెబుతుంది. నిజంగా ఎక్కడున్నాడో చెప్పదు.

1978 ఏప్రిల్ 20న పారిస్ నుంచి యాంకరేజ్ మీదుగా సియోల్ వెళ్లాల్సిన కొరియన్ విమానం 902, తన కదలికను బట్టి తానే చోటు లెక్కగట్టే ఇనర్షియల్ నావిగేషన్ లేని పాత బోయింగ్ 707. ధ్రువ ప్రాంతంలో దిక్కు లెక్క తప్పింది. విమానం కుడివైపు పెద్ద వంపు తిరిగి, అలాస్కాకు బదులు సోవియట్ కోలా ద్వీపకల్పం మీదికి పోయింది. యుద్ధ విమానం పేల్చిన క్షిపణి రెక్కను చీల్చింది. ఇద్దరు చనిపోయారు. పైలట్ గడ్డకట్టిన సరస్సు మీద దాన్ని దింపగలిగాడు కాబట్టి మిగతావాళ్లు బతికారు.

అయిదేళ్లకు, 1983 ఆగస్టు 31న, అదే సంస్థ విమానం 007 యాంకరేజ్ నుంచి సియోల్‌కు బయల్దేరింది. ఆటోపైలట్ ఇనర్షియల్ వ్యవస్థ చెప్పినట్టు కాక, పెట్టిన దిశ పట్టుకునే పోయింది. తొలి గుర్తు బెథెల్ దగ్గరికే అది దారికి 12 నాటికల్ మైళ్లు ఉత్తరంగా ఉంది. అయినా రిపోర్టులు వేళకు వస్తూనే ఉన్నాయి. దాని రేడియో అందకపోతే వెనక వస్తున్న 015 విమానం అందుకుని చేరవేసింది. కాగితం మీద అంతా సవ్యంగా ఉంది. నిజానికి విమానం వందల కిలోమీటర్లు పక్కకు జరిగి సోవియట్ భూభాగం మీద ఉంది. సఖాలిన్ దగ్గర దాన్ని కూల్చేశారు. 269 మందిలో ఒక్కరూ మిగల్లేదు. తన సందేశాన్ని ఇంకో విమానం చేత పంపించాల్సి రావడమే ఆ రోజు ఒక సూచన. దారి మీదే ఉంటే దాని రేడియో నేరుగా అందాల్సింది. దాన్ని ఎవరూ అలా చదువుకోలేదు. ఆ ఘటన తర్వాతే జీపీఎస్‌ను పౌర విమానాలకు ఇస్తామని అమెరికా ప్రకటించింది.

ఉత్తర ఆకాశంలో రిపోర్ట్ ఇంకో పని కూడా చేస్తుందని ఈ రెండు ఘటనలూ గుర్తుచేస్తాయి. కెనడా, అమెరికా తీరాల చుట్టూ వాయు రక్షణ గుర్తింపు వలయం ఉంది. 1957 నాటి డ్యూ లైన్ రాడార్ల కాలం నుంచీ ధ్రువం వైపు నుంచి వచ్చేది ఎవరన్నది సైన్యానికి ముఖ్యమైన ప్రశ్న. ఆ వలయంలోకి వచ్చే విమానం తాను చెప్పిన వేళకు 5 నిమిషాల అటూఇటూలో, చెప్పిన దారికి 20 నాటికల్ మైళ్ల లోపు ఉండాలి. లేకపోతే యుద్ధ విమానాలు వచ్చి చూస్తాయి.

ధ్రువం మీదుగా

ప్రయాణికులను ఆర్కిటిక్ మీదుగా క్రమం తప్పకుండా తీసుకెళ్లడం 1954 నవంబరులో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ మొదలెట్టింది. దాని డీసీ-6బీ విమానాలు కోపెన్‌హాగెన్ నుంచి గ్రీన్‌ల్యాండ్, విన్నిపెగ్‌లలో ఆగుతూ లాస్ ఏంజెలెస్ చేరేవి. నావిగేటర్లు పటం మీద రేఖాంశాలకు బదులు సమాంతర గీతల చట్రం వేసుకుని, ప్రత్యేకమైన గైరోతో, ఆకాశపు వెలుతురును చూసి సూర్యుడి దిక్కు చెప్పే దిక్సూచితో దారి పట్టుకునేవారు. రష్యా ఆకాశం తెరుచుకున్నాక, 2001 ఫిబ్రవరిలో ఉత్తర అమెరికా, ఆసియాల మధ్య నాలుగు ధ్రువ దారులు అధికారికంగా ఏర్పడ్డాయి.

ఇక్కడ ఫ్లైట్ ప్లాన్ మరింత బరువైనది. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటే తమ విమానాలకు అమెరికా విమానయాన శాఖ కొన్ని షరతులు పెట్టింది. అత్యవసరంగా దిగగల విమానాశ్రయాలను ముందే ఎంచాలి. అక్కడ దిగిన ప్రయాణికులను వెనక్కి తెచ్చే ఏర్పాటు రాతలో ఉండాలి. సౌర తుఫాను వస్తే ఏం చేస్తారో చెప్పాలి. గడ్డకట్టే చలిలో బయటికి దిగాల్సిన సిబ్బంది కోసం కనీసం రెండు చలిదుస్తుల జతలు విమానంలో ఉండాలి. ఇంధనం సంగతీ చూసుకోవాలి. జెట్ ఏ రకం మైనస్ 40 దగ్గర, జెట్ ఏ-1 మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలెడతాయి. ట్యాంకులో ఉష్ణోగ్రత అటు దిగుతుంటే వేగం పెంచడమో, కిందికి దిగి వెచ్చటి గాలి వెతుక్కోవడమో చేయాలి.

మన ప్రయాణాలు కూడా ఈ ఆకాశంలోకి వచ్చాయి. గ్లోబు మీద దారం పట్టి చూస్తే హైదరాబాద్, షికాగోల మధ్య అతి దగ్గరి దారి 79వ అక్షాంశం దాకా ఎక్కి దిగుతుంది. ఆ రెండు నగరాల మధ్య ఎయిర్ ఇండియా నేరు విమానం మొదలైంది 2021 జనవరిలో. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ధ్రువం మీదుగా బోయింగ్ 777 నడిపిన నలుగురు మహిళా పైలట్లు జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవారే, శివానీ మన్హాస్. ప్రయాణికులను వెనక్కి తెచ్చే ఏర్పాటు ఎందుకు అవసరమో 2023 జూన్ 6న తెలిసింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానం ఇంజిన్ చిక్కుతో రష్యా తూర్పు కొసన ఉన్న మగడాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు మరో విమానం వచ్చేదాకా అక్కడి తాత్కాలిక వసతుల్లో గడిపారు.

పైనుంచి చూసే కళ్లు

భూమధ్యరేఖ మీద నిలకడగా కనిపించే ఉపగ్రహాలు ధ్రువానికి అందవు. 80 డిగ్రీలు దాటాక అవి దిగంతం కిందికి జారిపోతాయి. ధ్రువాల మీదుగా తిరిగే ఇరిడియం ఉపగ్రహాలు 66, సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున ఆ లోటు తీర్చాయి. వాటి ద్వారా విమానంలోని కంప్యూటర్ తన స్థానాన్ని తానే పంపుతుంది. కంట్రోలర్, పైలట్ అక్షరాల్లో మాట్లాడుకుంటారు. 2009లో నావ్ కెనడా హడ్సన్ బే చుట్టూ ఏడీఎస్-బీ నేల కేంద్రాలు పెట్టింది. విమానం జీపీఎస్ స్థానాన్ని నిరంతరం ప్రసారం చేస్తుంటే వినే కేంద్రాలివి. 2019లో కొత్త ఇరిడియం ఉపగ్రహాల మీది అలాంటి రిసీవర్లు పనిలోకి దిగాయి. అట్లాంటిక్ మీద ఒకే దారిన పోయే విమానాల ఎడాన్ని 14 నాటికల్ మైళ్ల దాకా తగ్గించగలగడం వాటి పుణ్యమే. 2023 ఆగస్టు నుంచి కెనడా పై ఎత్తుల్లో ఏడీఎస్-బీ తప్పనిసరి. ఆంటెన్నా పొట్ట కింద ఉంటే చాలదు, వీపు మీద కూడా ఉండాలి. చూసే కన్ను ఇప్పుడు పైన ఉంది మరి.

అయితే వెయ్యి అడుగుల ఎత్తున మంచు సరస్సుల మీద పోయే చిన్న విమానానికి ఈ మార్పు పూర్తిగా అందలేదు. దాని పైలట్ ఇప్పటికీ ఒక కాగితం, ఒక గొంతు, ఒక గడువు మీదే ఆధారపడతాడు.

మౌనం తర్వాత

1929 సెప్టెంబరులో కర్నల్ మెకాల్పైన్ బృందం ఎనిమిది మంది రెండు విమానాల్లో బేకర్ లేక్ నుంచి బయల్దేరారు. ఆర్కిటిక్ తీరాన ఇంధనం అయిపోయి దిగారు. తాము ఎక్కడున్నామో చెప్పే దారి లేదు. వారాల తరబడి విమానాలు వెతికాయి. వాళ్లను కాపాడింది వెతుకులాట కాదు, ఇన్యూట్ కుటుంబాలు. తిండి పెట్టి, సముద్రం గడ్డకట్టేదాకా ఉంచుకుని, మంచు మీద నడిపించి నవంబరు 3న కేంబ్రిడ్జ్ బే చేర్చారు. 1972 నవంబరులో కేంబ్రిడ్జ్ బే నుంచి ఎల్లోనైఫ్‌కు రోగులను తీసుకెళ్తున్న విమానం హొట్టా సరస్సు దగ్గర కూలింది. పటం మీద చూస్తే అది నేరు దారికి చాలా పడమర. పైలట్ మార్టెన్ హార్ట్‌వెల్ దొరికేసరికి నెల గడిచింది. కాళ్లు విరిగిన అతన్ని మొదటి వారాల్లో సాకింది డేవిడ్ కూటూక్ అనే 14 ఏళ్ల ఇన్యూట్ బాలుడు. అబ్బాయి మాత్రం బతకలేదు.

చోటు తెలిసినా చాలదని చెప్పే ఘటన 1991 అక్టోబరు 30ది. అలర్ట్ సైనిక స్థావరం దగ్గర దిగబోతూ హెర్క్యులిస్ రవాణా విమానం కూలింది. స్థావరం అక్కడికి ఎంతో దూరం కాదు. మంచు తుఫాను వల్ల రక్షకులు చేరడానికి 30 గంటలకు పైగా పట్టింది. 18 మందిలో అయిదుగురు చనిపోయారు.

ఇప్పుడు ఆపద ట్రాన్స్‌మిటర్లు 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు నేరుగా చెబుతాయి. కాస్పాస్-సార్సాట్ అనే ఆ వ్యవస్థ తొలిసారి ప్రాణాలు నిలిపింది కూడా కెనడాలోనే. 1982 సెప్టెంబరులో బ్రిటిష్ కొలంబియాలో కూలిన చిన్న విమానంలోని ముగ్గురు బతికి బయటపడ్డారు. పాత 121.5 మెగాహెర్ట్జ్ సంకేతాలను ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1న ఆగిపోయింది. కానీ కూలిన తాకిడికి ట్రాన్స్‌మిటర్ ఆంటెన్నా తెగిపోవచ్చు, నీళ్లలో మునిగిపోవచ్చు. కాబట్టి గడియారం లెక్క మానలేదు. రావలసిన మాట వేళ దాటి 30 నిమిషాలైతే అంతర్జాతీయ నియమాల ప్రకారం అనిశ్చితి దశ. ఆ తర్వాత అప్రమత్తత దశ, చివరికి ఆపద దశ. ట్రెంటన్, విక్టోరియా, హాలిఫాక్స్‌లలోని రక్షణ సమన్వయ కేంద్రాలకు కబురు వెళ్తుంది. సైనిక విమానాలతో పాటు కాసారా స్వచ్ఛంద సంస్థ పైలట్లు కూడా బయల్దేరతారు. గాలింపు గీత మొదలయ్యేది ఆఖరి పొజిషన్ రిపోర్ట్ దగ్గర.

అంతకన్నా ముందు చేసే పని ఒకటుంది. చేరిన పైలట్ ‘దిగాను’ అని చెప్పి ఫ్లైట్ ప్లాన్ మూసేయాలి. టవర్ లేని చోట ఆ బాధ్యత అతనిదే. చలిలో ఇంజిన్‌కు గుడారం కప్పి, రెక్కలు తాళ్లతో కట్టి, సామాను దింపేసరికి ఆ ఒక్క ఫోన్ మరచిపోతుంటారు. అందుకని గంట దాటగానే ఫ్లైట్ సర్వీస్ ఉద్యోగి ముందు ఫోన్ అందుకుంటాడు. గమ్యానికి, దారిలోని ప్రతి ఊరికి, క్యాంపుకు, పైలట్ ఇంటికి చేస్తాడు. అవతల ఊళ్లో రేడియో స్టేషన్ మనిషి కిటికీ అద్దం మీది మంచు తుడిచి బయటికి చూస్తాడు. ఎర్ర చారల ట్విన్ ఆటర్ విమానం రన్‌వే పక్కన కనిపిస్తే ‘ఇక్కడే ఉంది’ అంటాడు.